పాత నయాగరా బొమ్మలో కొండలెందుకున్నాయి? ఇలాంటి చిత్రాలను ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్న సారాంశం ఇది. అమెరికాలోని బఫెలో నగరం దగ్గర పాత సామాన్ల షాపులో మీకు నయాగరా బొమ్మ ఒకటి కనిపించింది. అందులో జలపాతం సన్నగా, విపరీతమైన ఎత్తుతో ఉంది. వెనక కొండలున్నాయి. కుడివైపు గట్టు మీది నుంచి మూడో ధార ఒకటి అడ్డంగా దూకుతోంది. షాపాయన "1697 నాటి ఒరిజినల్" అంటున్నాడు. మీరు అమ్మానాన్నలతో వెళ్లి చూసిన నయాగరాలో కొండలూ లేవు, అలాంటి ధారా లేదు. ఇది నకిలీయా, గీసినవాడు కల్పించాడా, ఇలాంటి బొమ్మల్ని బట్టి జలపాతం ఎంత వెనక్కి జరిగిందో చెప్పొచ్చా అని అడిగారు. మీ తాతగారి ఆల్బమ్‌లోని హుస్సేన్‌సాగర్ ఫోటో ఏ కాలానిదో ఎలా తెలుసుకోవాలని కూడా అడిగారు.

నేను చాలా ఏళ్లుగా లైబ్రరీల్లో పాత మ్యాపులు, ప్రింట్లు, ఫోటోలు కేటలాగ్ చేసే పనిలో ఉన్నాను. నయాగరా బొమ్మలు నా చేతుల మీదుగా లెక్కలేనన్ని వెళ్లాయి. ముందు ముక్తసరిగా చెప్తాను: ఆ బొమ్మలో కొండలు అబద్ధం, ఎత్తు అబద్ధం, మూడో ధార మాత్రం బహుశా నిజం. పాత చిత్రాన్ని "నిజమా, అబద్ధమా" అని మొత్తంగా కొట్టేయడమో ఒప్పుకోవడమో చేస్తే లోపలున్న విషయం చేజారిపోతుంది. గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, అసలు నిలబడ్డాడా, ఎవరి బొమ్మ చూసి గీశాడు, ఎందుకు గీశాడు అన్నవి విడివిడిగా అడగాలి.

మీరు వర్ణించిన బొమ్మకు మూలం లూయీ హెన్నెపిన్ పుస్తకం. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ యాత్రా బృందంతో కలిసి 1678 డిసెంబరులో నయాగరా చూశాడు. అప్పటికి ఆ జలపాతం అక్కడి మూలవాసులకు తరతరాలుగా తెలుసు. ఫ్రెంచివాళ్లకూ వాళ్ల నోటి మాటగా తెలుసు. ఫ్రెంచి అన్వేషకుడు సామ్యూల్ షాంప్లేన్ తాను చూడకుండానే, విన్నది పెట్టుకుని 1632 నాటి తన మ్యాపులో అంటారియో సరస్సు చివర ఒక జలపాతాన్ని గుర్తు పెట్టాడు. కానీ కళ్లారా చూసినవాడి వర్ణనకు తోడు బొమ్మ కూడా అచ్చయి యూరప్ అంతా తిరిగింది మాత్రం హెన్నెపిన్ 1697 పుస్తకంతోనే. ఆయన 1683లో రాసిన మొదటి పుస్తకంలో ఎత్తు 500 అడుగులు. 1697కి వచ్చేసరికి 600 అయింది. అసలు ఎత్తు 50 మీటర్ల పైచిలుకు, అంటే అందులో మూడో వంతు కూడా లేదు.

ఆ బొమ్మ చెక్కిన కళాకారుడు యూరప్‌లో కూర్చుని, హెన్నెపిన్ మాటలు ముందు పెట్టుకుని పని చేశాడు. 600 అడుగుల జలపాతం అంటే ఆయన ఊహలో వెనక పర్వతాలు ఉండి తీరాలి. బహుశా ఆల్ప్స్ ప్రాంతపు బొమ్మలు చూసిన చెయ్యి కాబట్టి కొండలు వాటంతట అవే వచ్చేశాయి. నిజానికి నయాగరా పైన ఉన్నది దాదాపు చదునైన నేల. నది ఆ చదును మీద పారుతూ వచ్చి ఒక్కసారిగా గండిలోకి దూకుతుంది. ముందు నిలబడ్డవాళ్లలో ఒకడు చెవులు మూసుకుని ఉంటాడు, మీ బొమ్మలో చూడండి. హోరును అచ్చులో చూపించలేరు కాబట్టి చెక్కినవాడు అలా చూపించాడు. నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

ఇప్పుడు మూడో ధార సంగతి. ఈ రోజు గైడ్లు "మూడో జలపాతం" అని చూపించే బ్రైడల్ వెయిల్ ఇది కాదు. అది అమెరికా వైపున్న జలపాతాన్ని, అంటే అమెరికన్ ఫాల్స్‌ను, ఆనుకుని ఉంటుంది. హెన్నెపిన్ బొమ్మలోది ఎదుటి గట్టున, ఇప్పుడు కెనడా వైపు, హార్స్‌షూ (గుర్రపు నాడా ఆకారంలో ఉండే పెద్ద జలపాతం) పక్కన ఉంది. అక్కడ ఒక రాతి అడ్డు వల్ల కొంత నీరు పక్కకు తిరిగి, ప్రధాన ధారకు అడ్డంగా పడేది. 1750 ఆగస్టులో పేర్ కాల్మ్ అనే వృక్షశాస్త్రవేత్త, స్వీడిష్ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు, నయాగరాకు వచ్చాడు. అప్పటికి ఆ ధార లేదు. నీటిని పక్కకు మళ్లించిన ఆ రాయి కొన్నేళ్ల ముందే విరిగి పడిందని అక్కడివాళ్లు ఆయనకు చెప్పారు. ఆయన ఆ చోటును గుర్తుపెట్టి ఒక ఉత్తరంలో రాశాడు. అదే ఉత్తరంలో హెన్నెపిన్‌కు కెనడాలో "పెద్ద అబద్ధాలకోరు" అని పేరుందని కూడా రాశాడు. పరికరాలతో కొలిస్తే ఎత్తు 137 ఫ్రెంచి అడుగులని చెప్పాడు. అంటే సుమారు 44 మీటర్లు. 600తో పోలిస్తే ఎంత దగ్గరగా వచ్చాడో చూడండి.

ఒకరినొకరు ఎన్నడూ కలవని ఇద్దరు, అందులో రెండోవాడు మొదటివాణ్ని అసలు నమ్మనివాడు. అయినా ఇద్దరి మాటా ఒకే రాయి దగ్గర కలిసింది. పాత చిత్రాల పనిలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది. తర్వాత, 1841లో, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్ నయాగరాకు వచ్చినప్పుడు ఈ రెండు వర్ణనలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. జలపాతం అంచు మనుషుల కాలంలోనే మారుతోందనడానికి ఆయనకు ఇవి పనికొచ్చాయి. కొండలు తప్పు గీశాడని బొమ్మను పారేసి ఉంటే ఈ విషయం పోయేది.

అయితే ఈ బొమ్మతో ఒక చిక్కుంది. దాదాపు వందేళ్ల పాటు దీన్ని చూసి దీన్నే గీస్తూ పోయారు. 1698లో నికొలా ద ఫేర్ అనే ఫ్రెంచి మ్యాపు తయారీదారు అమెరికా గోడ మ్యాపు మీద ఈ జలపాతాన్ని వేసి, దాని ముందు బీవర్ల (చెట్లు కొరికి వాగులకు అడ్డుకట్ట వేసే జంతువులు) గుంపు ఆనకట్ట కట్టుకుంటున్నట్టు చేర్చాడు. 1715లో లండన్‌లో హెర్మన్ మోల్ దాన్నే ఎత్తుకుని తన మ్యాపు మూలన పెట్టాడు. అందుకే ఆ మ్యాపును ఇప్పటికీ బీవర్ మ్యాపు అంటారు. అందులో బీవర్లు కూలీల్లా వరుస కట్టి, వెనక కాళ్ల మీద నడుస్తూ, దుంగలు మోస్తుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దాన్ని "1715 నాటి నయాగరా" అనుకోకూడదు. అది 1678లో ఒకాయన చూసి, 1697లో ఇంకొకాయన ఊహించి, తర్వాత ఇద్దరు చేతులు మార్చిన నయాగరా. మ్యాపు మీది తేదీ అచ్చుపడ్డ తేదీ మాత్రమే. మా వృత్తిలో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇక మీరు షాపులో చూసిన కాగితం. పాత బొమ్మ వేరు, పాత బొమ్మకు కొత్త ప్రింటు వేరు. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఒకటి పట్టుకెళ్లండి. ఆకాశం భాగం చూడండి. రాగిరేకు చెక్కి అచ్చేసినదైతే గీతలు తెగకుండా సాగుతాయి, చివర్లు సన్నబడతాయి, సిరా కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. వరుసగా పేర్చిన చుక్కలు కనిపిస్తే అది ఈ కాలపు యంత్రం మీద అచ్చయింది, ఇక వాదన అనవసరం. తర్వాత బొమ్మ చుట్టూ వేలితో తడిమి చూడండి. రేకు ఒత్తిడికి కాగితం లోపలికి దిగిన గాడి తెలియాలి, అంచులు కత్తిరించకపోయి ఉంటే. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సమాన దూరంలో సన్నటి అడ్డు నిలువు గీతలు కనిపించాలి. ఆ రోజుల చేతి కాగితం అలాగే తయారయ్యేది. అది పుస్తకంలోది కాబట్టి మడత గీతలూ, ఒక పక్క కుట్టు నుంచి చింపిన అంచూ ఉండే అవకాశం ఎక్కువ. రంగులు వేసి ఉంటే అవి సాధారణంగా తర్వాతి కాలంలో గోడకు పెట్టుకోడానికి వేసినవే.

ఎడమ కుడి కూడా చూడండి. కింది నుంచి, అంటే ఉత్తరం వైపు నుంచి చూస్తే అమెరికన్ ఫాల్స్ ఎడమ చేతికి, హార్స్‌షూ కుడి చేతికి రావాలి. అచ్చయిన బొమ్మను చూసి తిన్నగా ఇంకో రేకు మీద చెక్కితే అచ్చులో తిరగబడుతుంది. మీ బొమ్మలో మూడో ధార కుడివైపు నుంచి వస్తోందన్నారు కాబట్టి కనీసం తిరగబడ్డ కాపీ కాదు. కానీ హెన్నెపిన్ పుస్తకానికి చాలా భాషల్లో, చాలా ముద్రణలు వచ్చాయి. వాటి కోసం కొత్తగా చెక్కిన రేకులూ ఉన్నాయి. కింద ఉన్న రాత ఏ భాషలో ఉందో, పైన మూల పుట సంఖ్య ఏముందో ఫోటో తీసుకుని, ఏదైనా పెద్ద లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతితో పక్కన పెట్టి చూడందే డబ్బు చేతికివ్వకండి. "1697 ఒరిజినల్" అని షాపాయన నోటి మాటకు విలువ లేదు.

ఈ కాపీల గొలుసు తెగింది సైనికుల వల్ల. థామస్ డేవీస్ బ్రిటిష్ ఫిరంగి దళంలో అధికారి, వూలిచ్ సైనిక పాఠశాలలో చదివాడు. అక్కడ చిత్రలేఖనం పాఠ్యాంశం. అందం కోసం కాదు, శత్రువు కోట ఎక్కడుంది, నది ఎంత వెడల్పు, గట్టు ఎంత ఎత్తు అన్నది ఫిరంగి పేల్చేవాడికి సరిగ్గా తెలియాలి కాబట్టి. 1762లో ఆయన వేసిన నీటిరంగుల నయాగరాలో జలపాతం మొదటిసారి అడ్డంగా వెడల్పయింది, ఎత్తు తగ్గింది, వెనక కొండలు మాయమయ్యాయి. ఇంద్రధనుస్సు కూడా ఉంది. ఆ రోజుల్లో మన దేశంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్లు వేసిన కోటలు, చెరువుల బొమ్మల వెనకా ఇలాంటి అవసరమే ఉండేది. ఎవరు గీశారన్నదాని కంటే ఏ పని కోసం గీశారన్నది ఎక్కువ చెప్తుందని నేను నమ్ముతాను.

జలపాతం ఎంత జరిగిందో బొమ్మలతో కొలవొచ్చా అన్న మీ ప్రశ్నకు సూటి జవాబు: హెన్నెపిన్ బొమ్మతో కొలవలేం. ఆయన ఎక్కడ నిలబడ్డాడో తెలియదు. అసలు అలాంటి చోటు నేల మీద లేదు, అది గాల్లోంచి చూసినట్టున్న దృశ్యం. కానీ కొలవడానికి నిజంగా పనికొచ్చిన బొమ్మ ఒకటుంది. 1827లో బాసిల్ హాల్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి అమెరికా తిరుగుతూ కెమెరా లూసిడాతో నయాగరా గీశాడు. పేరులో కెమెరా ఉన్నా అది ఫోటో తీయదు. చిన్న కడ్డీకి బిగించిన గాజు పట్టకం అది, 1806లో వోలాస్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త పేటెంట్ చేశాడు. దాని అంచు మీద కన్ను పెట్టి కిందికి చూస్తే ఎదుటి దృశ్యం కాగితం మీద పడ్డట్టు కనిపిస్తుంది. పెన్సిల్‌తో ఆ గీతల మీదే దిద్దుకుంటూ పోవచ్చు. చెయ్యి తిరిగిన చిత్రకారుడు కాకపోయినా కొలతలు తప్పవు. హాల్ వాటిని 1829లో ఎచింగులుగా (రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిపించి తీసే అచ్చులుగా) అచ్చు వేయించాడు.

అరవై, డెబ్బై ఏళ్ల తర్వాత గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఆ బొమ్మను తీసుకుని, హాల్ కూర్చున్న చోటు వెతికి, అక్కడి నుంచే ఫోటో తీయించాడు. రెండూ పక్కన పెట్టాడు. హార్స్‌షూ అంచు వంపు ఎలా లోపలికి తొలుచుకుపోయిందో కంటికి కనిపించింది. దానికి తోడు 1842లో జేమ్స్ హాల్ కొలత రాళ్లు పాతి చేసిన సర్వే, ఆ తర్వాత 1905 వరకూ జరిగిన సర్వేలూ ఉన్నాయి. (ఈ జేమ్స్ హాల్ న్యూయార్క్ రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త. బాసిల్ హాల్ తండ్రి పేరు కూడా జేమ్స్ హాలే, ఆయనా భూగర్భ శాస్త్రవేత్తే. కలిపేసుకోకండి.) అన్నీ కలిపి 1907లో గిల్బర్ట్ తేల్చింది: 1842 నుంచి 1905 వరకు హార్స్‌షూ ఏడాదికి సుమారు 5 అడుగుల చొప్పున వెనక్కి జరిగింది, అమెరికన్ ఫాల్స్ 1827 నుంచి 1905 వరకు ఏడాదికి 3 అంగుళాల లోపే. నీరు చాలావరకు హార్స్‌షూ మీదే పోతుంది. పైన గట్టి సున్నపురాయి పొర, కింద మెత్తటి షేల్ (పొరలుగా విడిపోయే మట్టిరాయి). దూకే నీరు కింది మెత్తటి రాయిని తొలిచేస్తే పైన మిగిలిన చూరు బరువు ఆపుకోలేక విరిగి పడుతుంది. అమెరికన్ ఫాల్స్ కింద పడ్డ బండల్ని కొట్టుకుపోయేంత నీరు అక్కడ లేదు, అందుకే అవి అలాగే గుట్టపడ్డాయి.

ఫోటోలు వచ్చాక గొడవ తీరిపోయిందనుకుంటారు చాలామంది. అదేం లేదు. ఇప్పటికి తెలిసినంతలో నయాగరా మొట్టమొదటి ఫోటోలు 1840లో హ్యూ లీ ప్యాటిన్సన్ తీసిన డాగెరోటైపులు. ఆయన ఇంగ్లండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త, సీసం నుంచి వెండిని వేరుచేసే పద్ధతి కనిపెట్టినవాడు. డాగెరోటైపు అంటే వెండి పూత పూసిన రాగిరేకు మీద నేరుగా పడే బొమ్మ. నెగెటివ్ ఉండదు, కాపీలు తీయలేం. అద్దంలోలా ఎడమ కుడి మారి వస్తుంది, దాన్ని సరిచేయడానికి విడిగా అద్దమో పట్టకమో వాడాలి. ఎక్స్‌పోజర్ చాలా సేపు పడుతుంది కాబట్టి నీరు నీరులా పడదు, తెల్లటి మసకలా పడుతుంది. అందుకే పాత ఫోటోలో నీటి ఉధృతి కనిపించక "అప్పట్లో ప్రశాంతంగా ఉండేది" అనడం పొరపాటు. 1850ల్లో ప్లాట్ బాబిట్ అమెరికా వైపు ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర కెమెరా స్థిరంగా పెట్టుకుని వ్యాపారం చేశాడు. గొడుగులు, టోపీలతో టూరిస్టులు అంచున నిలబడి, మనకు వీపు తిప్పి జలపాతాన్ని చూస్తుంటే తీసేవాడు. ఆ ఫోటోల్లో మనుషుల దుస్తుల వల్ల కాలం తెలుస్తుంది, కానీ కోణం ఎప్పుడూ ఒకటే. ఆ కోణంలో పడని మిల్లులు, ఫ్యాక్టరీలు వాటిలో ఉండవు. ఆ గట్టు నిండా కట్టడాలు పేరుకుపోయాయనే 1885లో న్యూయార్క్ రాష్ట్రం భూమి స్వాధీనం చేసుకుని అందరికీ తెరిచింది.

పాత నయాగరా ఫోటో కాలం తేల్చడానికి నేను మొదట చూసేవి చెప్తాను. కెనడా గట్టున ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బల్లపరుపు బండ, టేబుల్ రాక్, నిండుగా ఉంటే 1850 జూన్‌కు ముందు. ఆ నెలలో అందులో పెద్ద ముక్క కూలింది. రెండు జలపాతాల మధ్య దీవి, గోట్ ఐలాండ్, అంచున నీళ్ల పక్కన రాతి బురుజు కనిపిస్తే 1870ల మొదటికి ముందు, ఆ తర్వాత దాన్ని కూల్చేశారు. ఇంజనీరు రోబ్లింగ్ కట్టిన రైలు వేలాడే వంతెన ఉంటే 1855కీ 1897కీ మధ్య. ఇప్పటి రెయిన్‌బో బ్రిడ్జి ఉంటే 1941 తర్వాత. దుస్తుల కన్నా కట్టడాలు నమ్మకమైన సాక్షులు.

పెయింటింగుల్లో అమెరికన్ చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్ 1857లో వేసిన దాన్ని వదిలిపెట్టి నయాగరా గురించి మాట్లాడలేను. వాషింగ్టన్ వెళ్తే నేషనల్ గ్యాలరీలో తప్పక చూడండి. రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు, అందులో సగం కూడా లేని ఎత్తు. ముందు నేల లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. చూసేవాడి కాళ్ల కింద నీరే. ఎడమ మూల నీటి అంచున కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు ఒకటి ఉంటుంది, కళ్లు అక్కడ ఆగాక గానీ ఆ నీటి వేగం అర్థం కాదు. దూరంగా, గోట్ ఐలాండ్ వైపు, ఇందాక చెప్పిన బురుజు చిన్నగా ఉంటుంది. చర్చ్ ముందు నేలను కావాలని తీసేశాడు, కానీ నీటి రంగు, అంచు వంపు, తుంపరలో వెలుగు, ఇవన్నీ దగ్గర కూర్చుని చదువుకుని వేశాడు. ఫోటో పట్టలేని కదలికను ఆయన పట్టాడు. నీటి స్వభావం గురించి 1850ల ఫోటోల కన్నా ఆ పెయింటింగే ఎక్కువ చెప్తుందని నా అభిప్రాయం.

పాత బొమ్మల్లో నీరు ఇప్పటికన్నా ఎక్కువగా కనిపిస్తే అది అతిశయోక్తి అనుకోకండి. నదిలో సహజంగా వచ్చే నీటిలో పెద్ద భాగం ఇప్పుడు కరెంటు తయారీకి మళ్లుతోంది. అమెరికా, కెనడాల మధ్య 1950 ఒప్పందం ప్రకారం టూరిస్టు సీజన్‌లో పగటిపూట జలపాతం మీదికి సెకనుకు కనీసం 1,00,000 ఘనపుటడుగులు వదలాలి, మిగతా వేళల్లో 50,000 చాలు. మీరు అమ్మానాన్నలతో చూసింది అలా లెక్కకట్టి వదిలిన నీరే. ఇంకో మాట, మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఎండిపోయిన నయాగరా" ఫోటో నిజమైనదే. 1969లో జూన్ నుంచి నవంబరు దాకా అమెరికన్ ఫాల్స్‌కు అడ్డుకట్ట వేసి నీరు ఆపి, కింది బండలు తీసేయాలా వద్దా అని పరిశీలించారు. చివరికి తీయలేదు. "పూర్తిగా గడ్డకట్టిన నయాగరా" అని వచ్చేవి మాత్రం పైన పేరుకున్న మంచు ఫోటోలు, కింద నీరు పారుతూనే ఉంటుంది.

ఇక మీ తాతగారి హుస్సేన్‌సాగర్ ఫోటో. చెరువు విషయంలో ఒక జాగ్రత్త ఎక్కువ కావాలి: నీటి అంచు నెలను బట్టి మారుతుంది. మే నెలలో తీసిన ఫోటోను, అక్టోబరులో తీసిన ఇంకో ఫోటోతో పోల్చి చెరువు కుంచించుకుపోయిందని చెప్పకూడదు. పాత మ్యాపుల్లో గీసేది సాధారణంగా చెరువు నిండినప్పటి గీత. కాబట్టి నీటిని కాకుండా కదలని వాటిని పట్టుకోండి: కట్ట, కట్ట మీది రోడ్డు వెడల్పు, మధ్యలో ఉన్న బండ. బండ మీద బుద్ధుడు ఉంటే 1992 తర్వాతి ఫోటో. కట్ట వెంట విగ్రహాల వరుస ఉంటే 1980ల మధ్య తర్వాత. రెండూ లేకపోతే కాగితం చూడండి. గోధుమ-ఊదా రంగులోకి తిరిగి, పల్చటి కాగితం మందపాటి అట్టకు అతికించి ఉంటే గుడ్డుసొన పూత కాగితం కావొచ్చు, అంటే ఎక్కువగా 19వ శతాబ్దం. నలుపు-తెలుపు ఉండి, వాలుగా పట్టుకుంటే అంచుల్లో వెండి మెరుపు కనిపిస్తే ఆ తర్వాతిది. అట్ట మీద స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆ కాలపు ఫోటో అనగానే అందరూ ఆయన పేరే చెప్తారు, ముద్ర లేకుండా ఒప్పుకోకండి.

ఫోటోను అట్ట నుంచి ఊడదీయకండి, వెనక రాత చూడాలన్న ఆత్రంతో నీళ్లు తగలనివ్వకండి. ముందు, వెనక, అట్టతో సహా 600 డీపీఐలో స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే సైజు కూడా తెలుస్తుంది. షాపులోని బొమ్మకు కూడా అంతే: ఆకాశం దగ్గర భూతద్దంలోంచి ఒక ఫోటో, కింది రాత ఒక ఫోటో, వెలుతురుకు ఎదురుగా పట్టి ఒక ఫోటో తీసి పెట్టండి. చూసి చెప్తాను.